అహ్మదాబాద్ విమాన ప్రమాదం: తెలిసిందెంత, ఊహించుకున్నదెంత

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. 2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాద్ నుంచి లండన్ గాట్విక్‌కు బయలుదేరిన ఎయిరిండియా ఏఐ171 విమానం నేల విడిచిన సుమారు అర నిమిషంలోనే మేఘానీనగర్‌లోని బి.జె. వైద్య కళాశాల వసతి గృహాల మీద కూలిపోయింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరు బతికారు. కింద ఉన్నవారిలో 19 మంది చనిపోయారు. మొత్తం మృతులు 260 మంది. జూలై 12న విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, అంటే ఏఏఐబీ, 15 పేజీల ప్రాథమిక నివేదికను బయటపెట్టింది. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి తుది నివేదిక రాలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ప్రమాదం జరిగిన గంటలోపే మా వీధి అరుగు మీద కూర్చునేవాళ్లందరూ విమాన నిపుణులైపోయారు. ఒకరు పక్షి తగిలిందన్నారు, ఒకరు కల్తీ ఇంధనమన్నారు, బరువు ఎక్కువైందని ఇంకొకరన్నారు. మా మనవడైతే ఫోన్లో వీడియో ఆపి ఆపి చూపిస్తూ విమానం లేవడానికి రెక్కల వెనక అంచున దించే పలకలు, అవే ఫ్లాప్‌లు, వేయలేదని తేల్చేశాడు. నివేదిక వచ్చింది కాబట్టి వీటిలో ఏది నిలిచిందో, ఏది పోయిందో చెప్పగలరా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మీ మనవడిని కోప్పడకండి. ఆ వీడియోను నేనూ మొదటి రోజే పదిసార్లు చూశాను. ఫ్లాప్‌ల మాటను నేనూ రెండు రోజులు నమ్మాను. దూరం నుంచి ఫోన్‌తో తీసిన, నాణ్యత తక్కువైన ఆ దృశ్యంలో విమానం చక్రాలు కిందే ఉన్నాయి, రెక్కలు సాఫుగా కనిపించాయి, విమానం పైకి లేవలేక ముక్కు ఎత్తి మెల్లగా కుంగిపోయింది. చక్రాలు ముడవబోయిన సహ పైలట్ పొరపాటున ఫ్లాప్‌లను ముడిచేశాడన్న కథ ఆ మూడు గమనికలకూ చక్కగా అతికింది. అతికినంత మాత్రాన నిజం కాదు. శిథిలాల్లో ఫ్లాప్ లీవరు టేకాఫ్‌కు పెట్టాల్సిన 5 డిగ్రీల స్థానంలో గట్టిగా కూర్చుని కనిపించిందనీ, చక్రాల లీవరు కిందికే ఉందనీ నివేదిక చెబుతోంది.

పక్షుల విషయానికి వస్తే, విమానం వెళ్లిన దారిలో చెప్పుకోదగ్గ పక్షుల సంచారం లేదని విమానాశ్రయ కెమెరాల్లో తేలింది. బరువు వాదన అంకెల ముందు నిలవలేదు. టేకాఫ్ బరువు 2,13,401 కిలోలు, అనుమతించిన గరిష్ఠ బరువు 2,18,183 కిలోలు. ఇంధనం నింపిన బౌజర్ వాహనాల నుంచి, ట్యాంకుల నుంచి తీసిన నమూనాలు పరీక్షలో సరిగానే ఉన్నాయి. విమానంలో మిగిలిన ఇంధనం మాత్రం చాలా కొద్దిగా దొరికింది, దాని పరీక్ష వేరుగా జరగాలని నివేదికే చెప్పింది కాబట్టి ఈ ఒక్కదాని మీద గీత గీసి కొట్టేయడం తొందరపాటు అవుతుంది.

ఈ ఊహాగానాల మధ్య ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. ఫ్లాప్‌ల వాదాన్ని మొదట బలంగా వినిపించినవారిలో విదేశంలో పేరున్న ఒక పైలట్ ఉన్నారు, యూట్యూబ్‌లో ఆయనకు పెద్ద ప్రేక్షక వర్గం ఉంది. కొన్ని రోజులకు అదే దృశ్యం తాలూకు స్పష్టమైన వీడియో దొరికింది. అందులో విమానం పొట్ట కింద చిన్న గాలిమర లాంటిది బయటికి దిగి ఉన్నట్టు కనిపించింది, దాని ప్రత్యేకమైన రొద కూడా వినిపించింది. రామ్ ఎయిర్ టర్బైన్ అనే ఆ పరికరం, రెండు ఇంజన్లూ ఆగిపోవడం లాంటి పెద్ద విపత్తులో ఎదురుగాలికి తిరుగుతూ అత్యవసర వ్యవస్థలకు శక్తినివ్వడానికి దానంతటదే దిగుతుంది. ఆ పైలట్ వెంటనే మరో వీడియో చేసి, తన మొదటి అభిప్రాయాన్ని పక్కనపెట్టి, రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయాయని చెప్పారు. నివేదికలో ఆ మాట నిజమైంది. మన దగ్గర మొదటి వీడియోను పంపుకున్నవారిలో రెండోదాన్ని కూడా పంపుకున్నవారు ఎందరో నాకు అనుమానమే.

ప్రశ్న: ఇంజన్లకు ఇంధనం అందించే స్విచ్‌లు రెండూ ఆగిపోయే స్థితికి మారాయని నివేదికే చెప్పింది. అంటే పైలట్లలో ఒకరు ఆపినట్టే కదా? ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని చెప్పడానికి అధికారులు ఎందుకు వెనకాడుతున్నారు? ఆ స్విచ్‌లు చెయ్యి తగిలితే మారేవి కావని మా అధ్యాపకులు అంటున్నారు.
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ ఉత్తరంలో మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ మధ్య ఒక పెద్ద గెంతు ఉంది. ఆ గెంతు ఎంత దూరమో చూద్దాం.

నివేదిక చెప్పిన వరస ఇది. మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 1 గంట 38 నిమిషాల 39 సెకన్లకు విమానం నేల విడిచింది. మూడు సెకన్లకు 180 నాట్ల గరిష్ఠ వేగం అందుకుంది. సరిగ్గా ఆ వెంటనే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి, సెకను తేడాతో, ఇంధనం అందే ‘రన్’ నుంచి అది ఆగిపోయే ‘కటాఫ్’కు మారాయి. ఇంజన్ల వేగం పడిపోవడం మొదలైంది. ఎందుకు కటాఫ్ చేశావని ఒక పైలట్ రెండో పైలట్‌ను అడగడం, తాను చేయలేదని రెండో పైలట్ అనడం కాక్‌పిట్ రికార్డింగులో ఉన్నాయి. సుమారు పది సెకన్ల తర్వాత ఒక స్విచ్, మరో నాలుగు సెకన్లకు రెండోది మళ్లీ రన్‌కు వచ్చాయి. మొదటి ఇంజన్ కోలుకోవడం మొదలుపెట్టింది, రెండోది రాజుకున్నా వేగం అందుకోలేకపోయింది. 1 గంట 39 నిమిషాల 5 సెకన్లకు ఆపదలో ఉన్నామని చెప్పే ‘మేడే’ పిలుపు వెళ్లింది. ఆరు సెకన్ల తర్వాత రికార్డింగు ఆగిపోయింది. నేల విడిచిన క్షణం నుంచి అంతా కలిపి 32 సెకన్లు.

ఇప్పుడు స్విచ్‌ల సంగతి. ఇంజన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్లకు కొంచెం కిందుగా, ఇద్దరు పైలట్ల మధ్య ఉన్న పీఠం మీద అవి ఉంటాయి. ఒక్కోదాన్ని పైకి లాగి, గాడి దాటించి, ఆ తర్వాత కిందికి దించితే తప్ప స్థానం మారదు. అటూ ఇటూ చెయ్యి తగలకుండా రక్షణ అంచులు కూడా ఉంటాయి. వాటితో మామూలుగా పని ఇంజన్ మొదలుపెట్టేటప్పుడూ, విమానం నిలిపాక ఆపేటప్పుడూ మాత్రమే. కాబట్టి మీ అధ్యాపకుల మాటలో బలం ఉంది, చెయ్యి తగిలి రెండూ పడిపోవడం నమ్మడం కష్టం.

అయితే ఇదే నివేదిక ఇంకో సంగతి కూడా ప్రస్తావించింది. కొన్ని బోయింగ్ 737 విమానాల్లో ఇలాంటి స్విచ్‌ల గాడి కట్టు, అంటే స్విచ్ జారకుండా పట్టే ఏర్పాటు, ఊడిపోయిన స్థితిలోనే బిగించి ఉందని ఫిర్యాదులు రాగా, 2018 డిసెంబరులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక సూచన జారీ చేసింది. అదే తరహా స్విచ్, కూలిన విమానం రకమైన బోయింగ్ 787లోనూ ఉంది. అది తప్పనిసరి ఆదేశం కాదు కాబట్టి ఎయిరిండియా ఆ తనిఖీ చేయలేదు. ఈ విమానంలో ఆ స్విచ్‌లున్న థ్రాటిల్ యూనిట్‌ను 2019లో, 2023లో మార్చారు గానీ, మార్చిన కారణాలకూ స్విచ్‌లకూ సంబంధం లేదు. 2023 తర్వాత స్విచ్‌ల మీద ఫిర్యాదు నమోదు కాలేదు. ప్రమాదం తర్వాత మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశం మీద ఎయిరిండియా తన 787, 737 విమానాలన్నిటిలో ఈ గాడి కట్లు తనిఖీ చేసి, లోపం కనిపించలేదని జూలై 22న ప్రకటించింది. ఇది యంత్రలోపం అన్నవారికి ఊరటనివ్వదు. పైలట్ చేశాడన్నవారికి రుజువూ కాదు.

రికార్డర్‌కు తెలిసేది స్విచ్ స్థితి మారిందన్న సంకేతం వరకే. ఎవరి చెయ్యి, ఎందుకు, తెలిసా తెలియకా అన్నది దానికి కనిపించదు, కాక్‌పిట్‌లో కెమెరా లేదు. ఆ రెండు మాటల్లో ఏది ఎవరిదో నివేదిక చెప్పలేదు. మొత్తం సంభాషణలో ఒకే ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క జవాబు, అవి కూడా వాళ్లు అన్న మాటలుగా కాకుండా సారాంశంగా ఇచ్చారు. విమానం నడుపుతున్నది సహ పైలట్, పర్యవేక్షిస్తున్నది కెప్టెన్ అని చెప్పారు కాబట్టి, నడిపేవాడి చేతులు ఖాళీగా ఉండవు, కనుక రెండోవాడే చేసి ఉంటాడని ప్రపంచమంతా లెక్క కట్టేసింది. లెక్క సరైనదో కాదో నాకు తెలియదు. ఇంకో చిన్న సంగతి కూడా ఈ లెక్కలో మరిచిపోతున్నాం. రెండు ఇంజన్లూ ఆగినప్పుడు ఆ స్విచ్‌లను కటాఫ్‌కు తెచ్చి మళ్లీ రన్‌కు పెట్టడమే ఇంజన్లను తిరిగి రాజేసే పద్ధతి. ఏది ముందు, ఏది వెనక అన్నది ధ్వనినీ, సంకేతాలనూ సెకనులో భాగం వరకు పేర్చి చూస్తే గానీ తేలదు. ఆ పేర్చే పని చేయగలిగినవారి దగ్గరే అవి ఉన్నాయి.

ఒకటి చెబుతాను. కారణం మానవ చర్య అనే తేలవచ్చు. తేలితే అప్పుడు మాట్లాడుకుందాం. 2023 జనవరిలో నేపాల్‌లోని పోఖరాలో కూలి 72 మందిని బలిగొన్న విమానంలో, ఫ్లాప్‌ల లీవరు అనుకుని ప్రొపెల్లర్ల శక్తిని తీసేసే లీవర్లను లాగారని దర్యాప్తు తేల్చింది. అది మానవ చర్యే, అందులో దురుద్దేశం లేదు. ‘పైలట్ చేశాడు’ అన్న రెండు మాటల తీర్పులో పొరపాటు, అనారోగ్యం, అయోమయం, ఉద్దేశం అన్నీ ఒకే గంపలో పడిపోతాయి. అందులోంచి జనం ఏరుకునేది మాత్రం చివరిదాన్నే.

ప్రశ్న: నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ విమానాన్ని మరమ్మతు చేసింది టర్కీ కంపెనీ అని విన్నాం. కేంద్ర మంత్రి ఒకరు కుట్ర కోణం ఉందన్నారు. బ్లాక్ బాక్సులను అమెరికాకు పంపించేశారట. ఇన్ని మాటలు ఊరికే పుడతాయా?
– వ్యాపారి, కర్నూలు

జవాబు: మీరు చెప్పిన మూడు పొగలకూ అడుగున ఏదో ఒక నిప్పురవ్వ ఉంది. అది మీరనుకున్న చోట లేదు.

టర్కీ మాట చూడండి. ఆపరేషన్ సిందూర్ సమయంలో టర్కీ పాకిస్తాన్ పక్షం వహించిందన్న ఆగ్రహం అప్పటికి ఇంకా చల్లారలేదు. మే నెలలోనే టర్కీకి చెందిన సెలెబీ అనే, విమానాశ్రయాల్లో నేల మీది పనులు చూసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థకు మన ప్రభుత్వం భద్రతా అనుమతి రద్దు చేసింది. మనసులు సిద్ధంగా ఉన్నాయి, ప్రమాదం జరిగింది, రెంటినీ ముడేశారు. ఎయిరిండియాకు ఒక టర్కీ మరమ్మతు సంస్థతో ఒప్పందం ఉన్నమాట నిజమే. అది బోయింగ్ 777 విమానాలకు సంబంధించినది, కూలింది 787. టర్కీ ప్రభుత్వ సమాచార విభాగం రెండు రోజులకే ఈ తేడా చెప్పింది. ఒక అంకె తేడా అని తేలిగ్గా తీసేయకండి, 777 వేరు, 787 వేరు.

బ్లాక్ బాక్సులు అమెరికాకు వెళ్లలేదు. ఒకటి జూన్ 13న ఒక భవనం పైకప్పు మీద, రెండోది జూన్ 16న శిథిలాల్లో దొరికాయి. 24న ఢిల్లీకి చేర్చారు, మరునాడు ఏఏఐబీ ప్రయోగశాలలో ముందుభాగపు బాక్సు నుంచి సమాచారం దించారు. వెనకభాగపు బాక్సు మామూలు పద్ధతుల్లో తెరుచుకోలేనంతగా దెబ్బతింది. దెబ్బతిన్న బాక్సును చదవడానికి అదే నమూనా యూనిట్, కేబుళ్లు కావాలి, అవి అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ నుంచి వచ్చాయి. వచ్చిన వస్తువు కథలో పంపిన వస్తువైంది. విమానం తయారైన దేశంగా అమెరికాకూ, 52 మంది పౌరులను కోల్పోయిన దేశంగా బ్రిటన్‌కూ ఈ దర్యాప్తులో పాల్గొనే స్థానం అంతర్జాతీయ నియమాల ప్రకారమే ఉంది.

ఇక కుట్ర. పౌర విమానయాన సహాయ మంత్రి మురళీధర్ మొహోల్ జూన్ చివర్లో అన్నది, కుట్ర సహా అన్ని కోణాలూ పరిశీలిస్తున్నామని. ‘పరిశీలిస్తున్నాం’ అన్న మాట మూడు వాట్సాప్ గ్రూపులు దాటేసరికి ‘బయటపడింది’ అయింది. దర్యాప్తు చేసేవాడు అన్నీ పరిశీలించకపోతే అప్పుడు అనుమానించాలి.

మీది కర్నూలు కాబట్టి ఇంకో సంగతి గుర్తు చేయాలి. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది. మరునాడు పావురాల గుట్ట దగ్గర అయిదుగురి మృతదేహాలు దొరికాయి. ఆ రాత్రి తెలుగు ఇళ్లలో ఎవరూ నిద్రపోలేదు. నాలుగు నెలల తర్వాత, 2010 జనవరి 7 రాత్రి, ఎక్కడో విదేశీ వెబ్‌సైటులో ఉన్న ఒక రాతను ఆధారం చేసుకుని, ఆ ప్రమాదం వెనక ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ ఉందని టీవీలో కథనం వచ్చింది. గంటల్లోనే రాష్ట్రమంతటా ఆ సంస్థ దుకాణాల మీద, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. ఆ తర్వాత కేసులు, అరెస్టులు. అధికారిక దర్యాప్తుల్లో కుట్రకు ఆధారం దొరకలేదు. ఆ రాత్రి రాళ్లు విసిరినవారు దుర్మార్గులని నేను అనను, నాలుగు నెలలుగా దుఃఖాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియనివారు. ఎవరో ఒక చోటు చూపించారు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తానంటున్నాడు. ఆ ప్రమాదం తర్వాత నాకు కంటి మీద కునుకు లేదు. 787 విమానం ఎక్కవద్దని చెప్పమంటారా?
– గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, అంకెలు ముందు చెబుతాను, అవి భయాన్ని పూర్తిగా తీయలేవని తెలిసే చెబుతున్నాను. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం లెక్క ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద సుమారు 4 కోట్ల 6 లక్షల విమాన ప్రయాణాలు జరిగాయి. వాటిలో ప్రాణాంతకమైన ప్రమాదాలు ఏడు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. డల్లాస్ నుంచి హైదరాబాదు దాకా జరిగే ప్రయాణం కన్నా, శంషాబాదు నుంచి విజయవాడ దాకా కారులో వచ్చే ప్రయాణం గురించి మీరు ఎక్కువ ఆందోళన పడాలి. అర్ధరాత్రి దిగి, నిద్రమత్తు డ్రైవరుతో బయలుదేరవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి.

787 రకం విమానాలు 2011 నుంచి ప్రయాణికులను చేరవేస్తున్నాయి. 2013లో బ్యాటరీల్లో మంటలు రావడంతో ప్రపంచవ్యాప్తంగా వాటిని కొంతకాలం నిలిపివేశారు. అయితే ప్రాణాలు పోయిన ప్రమాదం అహ్మదాబాద్‌లో జరిగిందే మొదటిది. దాని మర్నాడే ఎయిరిండియా 787ల మీద అదనపు తనిఖీలకు డీజీసీఏ ఆదేశించింది. ఈ దశలో బోయింగ్‌కు గానీ ఇంజన్ తయారీదారుకు గానీ చర్యలేవీ సూచించడం లేదని ప్రాథమిక నివేదిక పేర్కొంది. కాబట్టి ఆ రకం విమానమే ఎక్కకూడదనడానికి నాకైతే ఆధారం కనిపించలేదు.

మీ కునుకు పోవడానికి ప్రమాదం ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. అదే వీడియోను రోజూ చూడటం కూడా కారణం. చూడటం మానేయడం మీ చేతుల్లో ఉంది.

ప్రశ్న: బతికిన ఒక్క ప్రయాణికుడిది 11ఏ సీటు. థాయ్‌లాండ్‌లో పాతికేళ్ల కిందటి ప్రమాదంలో బతికిన గాయకుడిదీ అదే సీటట. చనిపోయిన గుజరాత్ మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపానీకి కలిసొచ్చే సంఖ్య 1206 అట, ఆయన పోయింది 12వ తేదీ 06వ నెల. ఇది యాదృచ్ఛికమేనా?
– బ్యాంకు ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: యాదృచ్ఛికమే. రూపానీ తన వాహనాలకు 1206 సంఖ్యనే వేయించుకునేవారన్న మాట ఆయన్ను ఎరిగినవారు చెప్పిందే. ఆ వాహనాల్లో ఆయన ఏ కీడూ లేకుండా తిరిగిన వేల రోజులను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 11ఏ అన్నది ఒక్కో విమానంలో ఒక్కో చోట ఉంటుంది. ఈ విమానంలో అది అత్యవసర ద్వారం పక్కన పడింది. తాను ఉన్న భాగం వసతి గృహం కింది అంతస్తు దగ్గర పడిందనీ, బెల్టు విప్పుకుని విరిగిన సందులోంచి బయటికి వచ్చాననీ ఆ ప్రయాణికుడు చెప్పారు. మంగళూరు విమాన ప్రమాదంలో 2010లో బతికిన ఎనిమిది మందిదీ ఒకే సీటు కాదు కదా. ప్రమాదం తర్వాత కొందరు ప్రయాణికులు 11ఏ సీటు కావాలని ప్రత్యేకంగా అడుగుతున్నారని వార్తలు వచ్చాయి. దానికి అదనపు సొమ్ము కట్టేవారిని ఆపే శక్తి నాకు లేదు, కాళ్లు చాపుకోవడానికి చోటుంటుంది, ఆ సుఖం నిజమే.

ప్రశ్న: అధికారులు ఏమీ చెప్పకుండా ఊహాగానాలు వద్దంటే ఎలా? పత్రికలు అడగకపోతే, లీకులు రాకపోతే నిజాలు సమాధి కావా? జర్నలిజం చదువుతున్నాను, ఈ ప్రశ్న మా తరగతిలో తెగలేదు.
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఇది తెగే ప్రశ్న కాదు. నా మొగ్గు ఎటో చెబుతాను, దానికి ముందు మీ వైపు బలం ఒప్పుకుంటాను.

ఈ ప్రమాదంలో అధికార యంత్రాంగం మౌనం ఊహలకు ఎరువు వేసింది. ప్రాథమిక నివేదిక అర్ధరాత్రి దాటాక వెలువడింది. కాక్‌పిట్‌లో ఇద్దరి మాటలను ఒక్క సారాంశ వాక్యంగా, మాట ఎవరిదో చెప్పకుండా ఇవ్వడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ పని. పూర్తిగా ఇవ్వవచ్చు, లేదా పూర్తిగా ఆపవచ్చు. సగం తలుపు తెరిచి లోపలికి చూడవద్దంటే ఎవరు ఆగుతారు? అమెరికాలో 2025 జనవరి 29న వాషింగ్టన్ విమానాశ్రయం దగ్గర విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు, ఎన్‌టీఎస్‌బీ మర్నాటి నుంచే విలేఖరుల ముందుకు వచ్చి, తెలిసింది చెప్పి, తెలియనిది తెలియదంది. అంత చేసినా ఆ దేశ అధ్యక్షుడు ట్రంప్ ఒక రోజు తిరగకముందే ఉద్యోగ నియామకాల్లో వైవిధ్య విధానాల మీద నింద మోపారు, అది వేరే సంగతి. మౌనం పరాకాష్ఠకు చేరితే ఏమవుతుందో చైనా చూపింది. 2022 మార్చిలో 132 మందితో కూలిన చైనా ఈస్టర్న్ విమానం మీద మూడేళ్లు దాటినా పూర్తి నివేదిక బయటకు రాలేదు. అక్కడ మిగిలింది లీకులే.

లీకు నిజమైన సందర్భం కూడా ఉంది. 2015 మార్చి 24న ఆల్ప్స్ పర్వతాల్లో జర్మన్‌వింగ్స్ విమానం 150 మందితో కూలింది. పైలట్లలో ఒకరు కాక్‌పిట్ బయట ఉండిపోయారన్న విషయం ముందు పత్రికలో వచ్చింది, రెండు రోజులు తిరక్కుండానే ఫ్రెంచి ప్రాసిక్యూటర్ దాన్ని ధ్రువీకరించి, లోపలున్న సహ పైలట్ కావాలనే చేశాడన్నారు. ఆ ఒక్క ప్రమాదం అప్పటి నుంచి ప్రతి ప్రమాదం మీదా నీడ పరిచింది. ఎదురు ఉదాహరణ 1996 జూలై 17న న్యూయార్క్ తీరంలో పేలిపోయిన టీడబ్ల్యూఏ 800. ఆకాశంలోకి దూసుకెళ్లిన వెలుగు చూశామని సాక్షులు చెప్పారు, క్షిపణి తగిలిందని పేరున్న వ్యక్తులు నమ్మారు. నాలుగేళ్ల దర్యాప్తు తర్వాత తేలింది, రెక్కల మధ్య ఇంధన ట్యాంకులో ఆవిరి అంటుకుని పేలిందని. ఆ తేల్పు వల్లే తర్వాత విమానాల ట్యాంకుల్లో మంట అంటుకోనివ్వని జడవాయువు నింపే ఏర్పాటు వచ్చింది. క్షిపణి కథ దగ్గరే ఆగి ఉంటే ఆ ఏర్పాటు వచ్చేది కాదు.

మన విషయంలో జూలై 17న వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక, అమెరికా అధికారుల తొలి అంచనా తెలిసినవారిని ఉటంకిస్తూ, అనుమానాన్ని కెప్టెన్ వైపు తిప్పింది. ఏఏఐబీ దాన్ని బాధ్యతారహితమంది. ఎన్‌టీఎస్‌బీ అధ్యక్షురాలు జెనిఫర్ హోమెండీ కూడా అవి అకాల ఊహలన్నారు. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు తుది నివేదిక దాకా ఆగమన్నారు. పైలట్ల సంఘాలు మండిపడ్డాయి. ఎవరి మాట ఎంత స్వార్థం లేనిదో మీరు తూచుకోవచ్చు, ప్రభుత్వానికీ, తయారీదారుకూ, విమాన సంస్థకూ, పైలట్ల సంఘాలకూ ఈ నివేదికలో పణం ఉంది. పణం లేనివారు, జవాబు చెప్పలేనివారు ఇద్దరే, వారు ఆ కాక్‌పిట్‌లో పోయారు. అందుకే నా మొగ్గు ఇటు. విలేఖరి గట్టిగా అడగాల్సింది విధానాన్ని: 2018 సూచనను ఎందుకు పట్టించుకోలేదు, పూర్తి సంభాషణ ఎప్పుడు ఇస్తారు, దర్యాప్తు సంస్థ, నియంత్రణ సంస్థ రెండూ ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉండటం సబబా? వీటికి పేరులేని అధికారి అక్కర్లేదు. పేరులేని అధికారి చెప్పినదాన్ని పేరున్న మృతుడి మీద అచ్చేయాల్సి వచ్చినప్పుడు ఇంకో రోజు ఆగవచ్చు.

మీ తరగతిలో ఇంకో చర్చ పెట్టండి. మృతుల సంఖ్యే మొదటి రోజుల్లో 270 దాటి వార్తల్లో వచ్చింది. డీఎన్ఏ పరీక్షలు పూర్తయ్యేసరికి జూన్ చివరికి 260 దగ్గర ఆగింది. ఎంతమంది పోయారన్నదే తేలడానికి రెండు వారాలు పట్టిన చోట, ఎందుకు పోయారన్నది రెండు గంటల్లో చెప్పినవారి వార్తలను మీ తోటి విద్యార్థులంతా ఏరి, తేదీ సమయం వేసి, గోడకు అంటించండి. తుది నివేదిక వచ్చిన రోజు వాటి పక్కన దాన్నీ అంటించండి.